మార్లిన్ 1894, .357 మాగ్నమ్: ఎంపిక నుంచి గురి కుదిరే దాకా

నడుముకున్న రివాల్వర్‌కూ చేతిలో ఉన్న రైఫిల్‌కూ ఒకే తూటా సరిపోవాలన్న కోరిక అమెరికాలో చాలా పాతది. వించెస్టర్ కంపెనీ 1873లో .44-40 తూటాతో లీవర్ యాక్షన్ రైఫిల్‌ను, అంటే ట్రిగ్గర్ కిందున్న మీటను తిప్పి తూటాను ఎక్కించే రైఫిల్‌ను, తెచ్చింది. 1878లో కోల్ట్ కంపెనీ తన సింగిల్ యాక్షన్ రివాల్వర్‌ను అదే తూటాకు తయారుచేయడంతో, ఒక్క పటకాలో దోపుకున్న తూటాలతో రెండు ఆయుధాలూ నడిచాయి. ఇప్పుడు ఆ పనిని ఎక్కువగా .357 మాగ్నమ్, .44 మాగ్నమ్, .45 కోల్ట్ తూటాలు చేస్తున్నాయి. ఈ కోవకు చెందిన మార్లిన్ 1894లో, .357 మాగ్నమ్‌కు వచ్చే క్లాసిక్ రకాన్ని ఈ సమీక్షకు తీసుకున్నాను. రోసీ, హెన్రీ, వించెస్టర్ రైఫిళ్లతో పోల్చకుండా ఎంపిక గురించి మాట్లాడలేం కనుక వాటి ప్రస్తావనా వస్తుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఈ తుపాకులకు కంపెనీ పేరు చూసి డబ్బు పెట్టేకంటే తూటానూ గురి అమరికనూ చూసి పెట్టడం మేలు, ఆ రెండూ కుదిరాక ఇంకేమీ తగిలించకుండా ఆగిపోవడం ఇంకా మేలు.

ముందుగా తూటా సంగతి. .357 మాగ్నమ్ 1935లో రివాల్వర్ కోసం బజారులోకి వచ్చిన తూటా. 158 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బరువు కొలత) గుండు, అంటే తూటా నుంచి ఎగిరివెళ్లే ముక్క, నాలుగు అంగుళాల రివాల్వర్ గొట్టం నుంచి సెకనుకు సుమారు 1,235 అడుగుల వేగంతో బయటపడితే, పద్దెనిమిది అంగుళాల రైఫిల్ గొట్టం నుంచి అదే గుండు 1,700 నుంచి 1,800 అడుగుల వేగం అందుకుంటుంది. మాగ్నమ్ తూటాలలో వాడే మందు నిదానంగా కాలే రకం. పొట్టి గొట్టంలో దాని ఒత్తిడి చాలావరకు వృథాగా బయటికి పోతుంది, పొడవు గొట్టంలో ఆ ఒత్తిడి గుండును ఇంకా కొంతసేపు తోస్తూనే ఉంటుంది. శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక, రివాల్వర్‌లో 535 ఫుట్-పౌండ్ల దగ్గర ఉన్నది రైఫిల్‌లో వెయ్యి దాటి, దాదాపు రెట్టింపవుతుంది. అదే రైఫిల్‌లో, అంతే మందం ఉండి కాస్త పొట్టిదైన .38 స్పెషల్ తూటా కూడా పేలుతుంది. దానిలో మందు తక్కువ, త్వరగా కాలిపోతుంది, అందుచేత పొడవు గొట్టం వల్ల దానికి ఒరిగేది స్వల్పం. కానీ చప్పుడు తక్కువ, భుజానికి తగిలే తోపు దాదాపు లేదు. కొత్తగా నేర్చుకునేవారి చేతికి ఇవ్వడానికి నాకు తెలిసి ఇంతకంటే నెమ్మదైన సెంటర్‌ఫైర్ (తూటా అడుగున నడిమధ్య కొట్టి పేల్చే) రైఫిల్ అమరిక లేదు.

.44 మాగ్నమ్ దారి వేరు. 240 గ్రెయిన్ల గుండు రైఫిల్ నుంచి సెకనుకు 1,750 అడుగుల దాపుల్లో వెళ్లి 1,600 ఫుట్-పౌండ్లకు పైగా శక్తినిస్తుంది. జింకలకూ అడవిపందులకూ అది నిశ్చయంగా మెరుగైన తూటా. తోపూ, తూటా ధరా ఆ మేరకే పెరుగుతాయి. .45 కోల్ట్ విషయంలో మాత్రం ఒక జాగ్రత్త చెప్పక తప్పదు. ఆ తూటాకు పరిశ్రమ ప్రమాణం ప్రకారం గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 14,000 పౌండ్లు; .357 మాగ్నమ్‌కు అది 35,000. కొందరు తయారీదారులు గట్టి తుపాకులకు మాత్రమే అని ముద్రించి, ఆ ప్రమాణాన్ని దాటిన .45 కోల్ట్ తూటాలు అమ్ముతారు. వాటిని 1873 నమూనా రైఫిల్‌లో పెట్టడం ప్రమాదకరం. ఎందుకంటే ఆ నమూనాలో బోల్టును (తూటాను వెనుక నుంచి మూసి ఉంచే ఉక్కు దిమ్మెను) మోచేతి కీలులా మడతపడే రెండు లింకులు మాత్రమే నిలబెడతాయి. చాచినప్పుడు అవి నిటారుగా నిలుస్తాయే తప్ప రిసీవర్‌లోకి (ఈ భాగాలన్నీ కూర్చునే తుపాకీ నడిమి పెట్టెలోకి) దిగే తాళం అందులో లేదు. చేతిలో ఆ నమూనా ఎంత మెత్తగా నడిచినా, దాన్ని మామూలు పీడనపు తూటాలకే పరిమితం చేయాలి.

తయారీల మధ్య అసలు తేడాను ఈ తాళం దగ్గరా, ఖాళీ కేసింగ్ (పేలాక మిగిలే తూటా తొడుగు) బయటికి వచ్చే దారి దగ్గరా చూడాలి. జాన్ బ్రౌనింగ్ గీసిన 1892 వించెస్టర్ నమూనాలో బోల్టుకు రెండు వైపులా నిలువుగా లేచే రెండు ఉక్కు దిమ్మెలు తాళం వేస్తాయి. తేలికలోనూ దృఢత్వంలోనూ దానికి సాటి తక్కువ. బ్రెజిల్‌లో తయారయ్యే రోసీ ఆర్-92, జపాన్‌లో మిరోకు సంస్థ చేసే నేటి వించెస్టర్ 1892 రెండూ ఆ నమూనాలే. రోసీ వెయ్యి డాలర్ల లోపు దొరుకుతుంది, మిగతావాటికి చాలావరకు వెయ్యి దాటుతుంది. ఆ తేడా చెక్క పనితనంలో, లోపలి భాగాల నునుపులో తెలిసిపోతుంది. కానీ 1892 నమూనా కేసింగ్‌ను పైకి విసురుతుంది. అంటే రిసీవర్ నడినెత్తిన టెలిస్కోపు పెట్టడానికి వీలులేదు. మార్లిన్ 1894 రిసీవర్ పైభాగం మూసి, చదునుగా ఉంటుంది. కేసింగ్ కుడిపక్క నుంచి బయటపడుతుంది. సైటు (గురి చూసే పరికరం) బిగించడానికి పైన రంధ్రాలు మరలతో సిద్ధంగా ఉంటాయి. వయసుతో చూపు మారేవారికి ఈ ఒక్క గుణం చాలు. హెన్రీ బిగ్ బాయ్ కూడా పక్క నుంచే విసురుతుంది. అయితే ఇత్తడి రిసీవర్, అష్టభుజి గొట్టం ఉన్న రకం చూడ్డానికి ఎంత బాగున్నా రోజంతా మోయడానికి బరువే. ఆ కంపెనీ వద్ద కొనేవారు ఉక్కు రిసీవర్ రకాన్ని చూడమని నా సలహా.

మార్లిన్ చరిత్రలో ఒక మలుపు కొనుగోలుదారుడికి తెలిసి ఉండాలి. మార్లిన్ యజమాని అయిన రెమింగ్టన్ కంపెనీ దివాలా తీశాక, 2020లో మార్లిన్ పేరునూ యంత్రాలనూ రూగర్ కంపెనీ కొని, ఉత్పత్తిని ఉత్తర కరోలినాలోని మేయోడాన్‌కు తరలించింది. అందుచేత 1894 అన్న ఒకే పేరు కింద బజారులో మూడు కాలాల సరుకు దొరుకుతుంది: పాత మార్లిన్ కంపెనీవి, రెమింగ్టన్ హయాంలోవి, రూగర్ చేస్తున్నవి. పాతది కొనేటప్పుడు ఏ కాలానిదో అడిగి తెలుసుకుని, చెక్క రిసీవర్‌ను తాకే అంచునూ, ముందు సైటు గొట్టంపై నిటారుగా ఉందా లేదా అన్నదాన్నీ చేతిలో పట్టుకుని చూడాలి. రూగర్ కాలపు రైఫిల్‌లో ఈ రెండూ చక్కగా ఉన్నాయి; లీవర్ తెరిచేటప్పుడు చివర్లో కొంచెం బిగుతు ఉంటుంది, వాడుతుంటే అది సడలుతుంది.

కొనే ముందు చట్టం. అమెరికాలో ఉన్న తెలుగువారిలో చాలామంది వీసాల మీద ఉన్నవారే గనుక దీన్ని దాటవేయలేను. లైసెన్సున్న డీలరు వద్ద ఏ తుపాకీ కొన్నా 4473 ఫారం నింపాలి, నేపథ్య తనిఖీ జరుగుతుంది. అందులో వలస హోదాను నేరుగా అడుగుతారు. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఫెడరల్ చట్టం అడ్డు చెప్పదు. హెచ్-1బి వంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవారికి మాత్రం తుపాకీని గానీ తూటాలను గానీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా మామూలుగా నిషేధం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు చట్టంలోనే ఉన్నాయి. ఆ మినహాయింపు తమకు వర్తిస్తుందనుకునేవారు స్నేహితుల మాట మీద ఆధారపడక న్యాయవాదిని అడిగి ముందుకు వెళ్లాలి. ఫారంలో తెలిసి అబద్ధం రాయడం నేరం. రాష్ట్రాల నియమాలు వీటికి అదనం.

ఇక తూటాలు మింగే తీరు, అంటే ఫీడింగ్. ఈ రైఫిళ్లను మెచ్చుకునేవారూ తిట్టేవారూ నిజానికి మాట్లాడుతున్నది దీని గురించే. గొట్టం కింద ఉండే మ్యాగజైన్ నుంచి తూటా ఒక్కొక్కటిగా క్యారియర్ అనే చిన్న బల్ల మీదికి జారుతుంది. లీవర్ తిప్పగానే ఆ బల్ల తూటాను పైకెత్తుతుంది, బోల్టు దాన్ని ఛాంబర్‌లోకి, అంటే తూటా పేలే గదిలోకి, తోస్తుంది. ఆ బల్ల పొడవు మారదు, తూటా పొడవు మారుతుంది. .357 మాగ్నమ్ తూటా ప్రమాణ గరిష్ఠ పొడవు 1.590 అంగుళాలు. దాని దరిదాపుల్లో ఉన్న తూటా సాఫీగా నడుస్తుంది. ఇంటిదగ్గర నింపుకునేవారు బరువైన గుండును బయటికి ఎక్కువ వదిలితే తూటా పైకి లేవనే లేవదు; .38 స్పెషల్‌లో కేసు (తూటా తొడుగు) అంచుకు సమంగా కూర్చోబెట్టిన వాడ్‌కట్టర్ అనే చదునైన గుండ్లయితే మరీ పొట్టివై, ఛాంబర్ నోటి దగ్గర అడ్డం తిరుగుతాయి. 158 గ్రెయిన్ల గుండు, దానికి సన్నని చదునైన ముక్కు: .38లో గానీ .357లో గానీ ఈ ఆకారంతో మొదలుపెడితే చాలా రైఫిళ్లు మారుమాట్లాడకుండా నడుస్తాయి. ఒకే పెట్టె కొని తీర్పు చెప్పక, రెండు మూడు రకాలు కొద్దికొద్దిగా తెచ్చి, ఏది నడిచిందో రాసిపెట్టుకోవాలి.

గొట్టం మ్యాగజైన్‌లో ఒక గుండు ముక్కు ముందు తూటా ప్రైమర్‌ను (తూటా అడుగున ఉండి దెబ్బకు మందును అంటించే భాగాన్ని) ఆనుకుని ఉంటుంది. అందుకే సూదిముక్కు గుండ్లు వీటిలో వాడరు. తోపుకు ఆ ముక్కే ప్రైమర్‌ను పేల్చగలదు. హార్నడీ కంపెనీ లీవర్‌ఎవల్యూషన్ పేరుతో అమ్మే తూటాలకు ముక్కు మెత్తని పదార్థంతో ఉంటుంది కనుక అవి మినహాయింపు. వేటకు వాడేవారికి మరో మాట. రివాల్వర్ వేగానికి రూపొందించిన తేలికపాటి హాలో పాయింట్ (ముక్కులో గుంట ఉన్న) గుండు రైఫిల్ వేగంతో తగిలితే లోతుకు దిగకముందే చిట్లిపోవచ్చు. 158 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్ (ముక్కు దగ్గర సీసం బయటికి కనిపించే గుండు), లేదా గట్టి సీసంతో పోసిన చదునుముక్కు గుండు ఈ పనికి తగినవి. నూరు గజాలు దాటాక .357తో జింకపై గురిపెట్టడాన్ని నేను సమర్థించను. ఒహాయో, అయోవా వంటి రాష్ట్రాలు జింకల వేటకు నిటారు గోడల కేసున్న తూటాలను అనుమతించడం వల్ల ఈ రైఫిళ్లకు అక్కడ గిరాకీ ఉంది. ఏ కొలత తూటా చెల్లుతుందో ఆ ఏటి నియమావళిలో చూసుకోవాలి. కౌబాయ్ యాక్షన్ పోటీలకు (పాతకాలపు తుపాకులతో వేగంగా గురి కాల్చే ఆటకు) కొనేవారికి లెక్క ఇంకోలా ఉంటుంది: సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ నియమాల్లో రైఫిల్ గుండు సీసపుదై ఉండాలి, వేగం సెకనుకు 1,400 అడుగులు మించకూడదు. ఆ ఆటకు మాగ్నమ్ శక్తి అక్కర్లేదు, లీవర్ వేగం కావాలి. అందుకే అక్కడ 1873 నమూనా ఇప్పటికీ రాజ్యమేలుతోంది.

గురి దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఈ రైఫిల్‌కు పెట్టే ప్రతి అదనపు డాలరుకూ ఫలితం కనిపించేది ఇక్కడే. కంపెనీ ఇచ్చే సెమీ-బక్‌హార్న్ (రెండు కొమ్ముల మధ్య గంటు ఉండే) వెనుక సైటు గొట్టం మధ్యలో ఉంటుంది, ముందు ఇత్తడి పూస ఉంటుంది. ఎండలో ఆ పూస ఒకవైపు మెరిసి, గురి మెరుపు ఉన్న దిక్కునకు వ్యతిరేకంగా జరుగుతుంది. నలభై దాటిన కంటికి వెనుక సైటులోని గంటు మసగ్గా కనిపిస్తుంది. దీనికి మందు పీప్ సైటు. రిసీవర్ వెనుక భాగాన, కంటికి దగ్గరగా ఉండే చిన్న వలయం అది. కన్ను దాని మధ్యలోంచి చూస్తుందే తప్ప దాన్ని చూడదు. ముందు సైటు మీద దృష్టి నిలిపితే చాలు. రెండు సైట్ల మధ్య దూరం పెరగడం వల్ల గురిలో పొరపాటూ తగ్గుతుంది. స్కిన్నర్, విలియమ్స్, ఎక్స్ఎస్ కంపెనీల పీప్ సైట్లు మార్లిన్ రిసీవర్ పైనున్న రంధ్రాలకే బిగుస్తాయి. వేటకు పెద్ద వలయం, కాగితం మీద గుండ్లు పడిన గుంపు చిన్నదిగా రావాలంటే చిన్న వలయం.

పీప్ సైటు బిగించాక చాలామందికి ఎదురయ్యే చిక్కు ఒకటుంది: వలయం పాత సైటు కంటే ఎత్తులో కూర్చోవడం వల్ల, అట్టడుగుకు దించినా గుండు లక్ష్యానికి పైనే తగులుతుంది. అప్పుడు ముందు సైటు ఎత్తయినది పెట్టాలి. ఎంత ఎత్తు అన్నది ఊహించనక్కర్లేదు. లక్ష్యం మీద తేడాను రెండు సైట్ల మధ్య దూరంతో గుణించి, లక్ష్యం దాకా ఉన్న దూరంతో భాగించాలి, అన్నీ అంగుళాల్లోనే. యాభై గజాలంటే 1,800 అంగుళాలు. సైట్ల మధ్య 22 అంగుళాలు ఉండి, గుండు నాలుగు అంగుళాలు పైన తగులుతుంటే, కావలసిన సవరణ 0.049 అంగుళాలు. అంత ఎత్తు ఎక్కువున్న ముందు సైటును తెప్పించుకుంటే ఒకేసారికి పని అయిపోతుంది. ముందు సైటును ఎప్పుడూ గుండు తగిలిన వైపుకూ, వెనుక సైటును గుండు తగలాల్సిన వైపుకూ జరపాలి. ఈ సూత్రం గోడకు రాసిపెట్టుకున్నా తప్పులేదు. మరలకు తీసేందుకు వీలైన నీలం లాక్‌టైట్ (మరలు వదులు కాకుండా పట్టే జిగురు) చుక్క వేయడం మరచిపోకూడదు.

నేను మాగ్నమ్ తూటాను నూరు గజాలకు కుదురుస్తాను. అప్పుడు యాభై గజాల వద్ద గుండు అంగుళం, అంగుళంన్నర పైన, నూటయాభై వద్ద ఆరేడు అంగుళాల కింద తగులుతుంది. ఆ అమరికలోనే .38 స్పెషల్ పెడితే యాభై గజాల వద్ద సుమారు మూడు అంగుళాలు, నూరు వద్ద దాదాపు అడుగు కిందికి పోతుంది. ఒకే రైఫిల్‌లో రెండు తూటాలు నడుస్తాయన్న మాట నిజమే, ఒకే గురికి నడుస్తాయనడం మాత్రం నిజం కాదు. దీన్ని దుకాణాల్లో ఎవరూ చెప్పరు.

రెడ్ డాట్ (అద్దంలో ఎర్రచుక్క చూపే సైటు) పెట్టుకోవడంలో నాకు అభ్యంతరం లేదు, రిసీవర్‌కు అంటుకుని తక్కువ ఎత్తులో ఉండే పట్టీ మీద చిన్నది పెడితే. పెద్ద టెలిస్కోపు పెడితే మూడు ఇబ్బందులు వెంటవస్తాయి: స్టాక్ (భుజానికి ఆనించే చెక్క) వాలు ఇనుప సైట్లకు సరిపోయేలా చెక్కినది కనుక దవడ చెక్కను వదిలేసి గాల్లో తేలుతుంది, హ్యామర్‌ను (వెనుకనుండి కొట్టి తూటాను పేల్చే సుత్తిని) వేలితో అందుకోవడానికి పక్కకు అదనపు కొక్కెం కావాలి, ఒంటిచేత్తో రిసీవర్ దగ్గర పట్టుకుని నడిచే వెసులుబాటు పోతుంది. ఈ తుపాకీని ఎంచుకోవడానికి కారణమే ఆ తేలిక, ఆ సన్నదనం. తోలు పట్టీ ఒకటి, స్టాక్‌కు తూటాలు దోపుకునే తోలు తొడుగు ఒకటి, చలి ప్రాంతంలో చేతితొడుగులు వాడేవారికి కొంచెం పెద్ద లీవర్ లూపు, ఇంతవరకు అర్థం ఉంది. ముందు భాగమంతా పట్టాలు బిగించి దీపాలు వేలాడదీసేవారికి వేరే జాతి రైఫిళ్లు ఇంతకంటే బాగా పనికివస్తాయి.

సేఫ్టీ విషయంలో మార్లిన్ పక్కన ఉండే బొత్తాన్ని కొందరు సంప్రదాయవాదులు ఏవగించుకుంటారు. నాకు అది పనికొచ్చేదే, ముఖ్యంగా ఖాళీ చేసేటప్పుడు. మ్యాగజైన్‌లో మిగిలిన తూటాలను బయటికి తీయాలంటే లీవర్‌ను తిప్పుతూ ఒక్కొక్కటీ ఛాంబర్ దాకా పోనిచ్చి విసరాలి. ఆ పని జరిగినంతసేపూ రైఫిల్ పేలడానికి సిద్ధంగా ఉన్నట్టే. గొట్టం మూతిని నిరపాయమైన దిక్కున ఉంచి, బొత్తాన్ని నొక్కి, వేలిని ట్రిగ్గర్‌కు దూరంగా పెట్టి ఆ పని చేయాలి. హెన్రీలో లోపలి గొట్టాన్ని మూతి వైపు నుంచి లాగి తూటాలను ఒక్కసారిగా ఒంపేయవచ్చు. పిల్లలున్న ఇంట్లో ఇదే నిర్ణాయకం అనుకునేవారిని నేను కాదనను. ఛాంబర్‌లో తూటా ఉండగా హ్యామర్‌ను బొటనవేలితో దించడం మాత్రం ఏ రైఫిల్‌లోనైనా వేలు జారితే పేలే పని. దాన్ని అలవాటు చేసుకోకపోవడమే మంచిది. ఇంట్లో తుపాకీ ఉక్కు బీరువాలో, తూటాలు వేరే తాళంలో ఉండాలని వేరే చెప్పనక్కర్లేదు.

శుభ్రం చేయడంలో మార్లిన్‌కు పోటీ లేదు. లీవర్ స్క్రూ ఒక్కటి విప్పి లీవర్ లాగేస్తే, బోల్టు వెనక్కి జారి చేతిలోకి వస్తుంది. లోపల ఎడమ గోడకున్న, ఖాళీ కేసింగ్‌ను బయటికి విసిరే ఎజెక్టర్ పట్టీ వదులై పడబోతుంది, దాన్ని పట్టుకుని పక్కన పెట్టాలి. తర్వాత గొట్టాన్ని వెనుక నుంచే తుడవవచ్చు. 1892 నమూనాను అంత సులువుగా విప్పలేం, దాన్ని మూతి వైపు నుంచే తుడవాలి, కడ్డీ గొట్టం అంచును గీరకుండా మూతికి గైడు వాడాలి. స్క్రూ గాడికి సరిగ్గా నిండే తుపాకీ పనివారి డ్రైవర్ బిట్లు కొనకుండా ఈ పని మొదలుపెడితే, కొత్త రైఫిల్ స్క్రూ తలలు మొదటి నెలలోనే చెదిరిపోతాయి. .38 స్పెషల్ ఎక్కువగా కాల్చాక ఛాంబర్‌లో, పొట్టి కేసు అంచు ఆగిన చోట మసి ఉంగరంలా పేరుకుంటుంది. బ్రష్‌తో దాన్ని తీసేసి ఆ తర్వాతే మాగ్నమ్ తూటా పెట్టాలి, లేకపోతే కేసు ఛాంబర్‌కు అంటుకుని బయటికి రావడానికి మొరాయిస్తుంది.

స్ప్రింగులు తేలిక చేయడం, లోపలి భాగాలు అరగదీసి నునుపు చేయడం గురించి కొనీ కొనకముందే ఆలోచించేవారున్నారు. కొన్ని వందల తూటాలు కాల్చి, నూనె పట్టించి, లీవర్‌ను పూర్తిగా ముందుకూ పూర్తిగా వెనక్కూ తిప్పడం అలవాటయ్యాక, సగం తిప్పడం వల్ల వచ్చే అడ్డంకులన్నీ వాటంతటవే పోతాయి. మిగిలిన వాటిలో నేను స్వయంగా చేయమనేది ఒక్కటే: లోడింగ్ గేటు (రిసీవర్ పక్కన తూటాలు నింపే తలుపు) అంచు గరుకుగా ఉండి బొటనవేలిని కోస్తుంటే, గేటు విప్పి, సన్నని రాపిడి కాగితంతో ఆ అంచును గుండ్రం చేయడం. అందులోనూ ముందు తూటాను పూర్తిగా లోపలికి నెట్టక, దాని వెనుక అంచు గేటును కొంచెం తెరిచి ఉంచేలా వదిలి, తర్వాతి తూటా ముక్కుతో దాన్ని తోస్తూ నింపితే, వేలికీ ఆ అంచుకూ పనే పడదు. ట్రిగ్గర్, హ్యామర్ గాట్ల జోలికి వెళ్లాలనిపిస్తే రైఫిల్‌ను గన్‌స్మిత్ చేతిలో పెట్టాలి.